మోటారుకారులో పసిబిడ్డ – రక్షణశాస్త్ర చరిత్ర

ఎడ్లబండిలో తీర్థయాత్రకు పోవు కుటుంబమున పసిబిడ్డకు తల్లి ఒడిని మించిన చోటు లేదు. బండి గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున నడచును. చక్రము గుంటలో దిగబడి బండి ఒక్కసారిగా నిలిచిపోయినను తల్లి ఒక చేయి అడ్డుపెట్టిన చాలును, బిడ్డకు నిద్రాభంగమైనను కలుగదు. వేల సంవత్సరముల ఈ అనుభవము ప్రజల మనస్సులో ఒక గట్టి నమ్మకముగా నాటుకొనినది: బిడ్డకు తల్లిచేతులే కోట.

ఎడ్లబండి పోయి మోటారుకారు వచ్చినది. హైదరాబాదునుండి తిరుపతికి గల ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరమును నేడు ఒక కుటుంబము ఒక్క పగటిలో దాటుచున్నది. రహదారిపై కారు గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుట సామాన్యము. ఇది ఎడ్లబండి వేగమునకు 20 రెట్లు. అయితే చలనశక్తి వేగమును బట్టి కాక, వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. కావున ఒడిలోని బిడ్డ శరీరమందలి చలనశక్తి 20 రెట్లు కాదు, 400 రెట్లు అధికమగును. వాహనము మారినది, వేగము మారినది, నమ్మకము మాత్రము అట్లే నిలిచియున్నది. ఆ నమ్మకమును పరీక్షకు పెట్టి, దాని స్థానమున మరియొక రక్షణను నిలుపుటకు వైద్యులు, ఇంజనీర్లు, శాసనకర్తలు అర్ధశతాబ్దమునకు పైగా శ్రమింపవలసి వచ్చెను.

ఒక చిన్న లెక్క

ఈ చరిత్రను గ్రహించుటకు ముందు ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగలిగిన ఒక లెక్క అవసరము. ఒక కారు గంటకు 50 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు సుమారు 14 మీటర్ల వేగముతో పోవుచు ఒక గోడను ఢీకొనినదనుకొందము. కారు ముందుభాగము నలిగి, 70 సెంటీమీటర్ల దూరములో కారు నిలిచిపోవును. ఇది జరుగుటకు పట్టు కాలము సెకనులో పదవవంతు. కారుకు గట్టిగా కట్టబడిన మనిషి కూడ ఆ 70 సెంటీమీటర్లలోనే, కారుతో పాటు నిలుచును. వేగముయొక్క వర్గమును దూరమునకు రెట్టింపుతో భాగించినచో అతని ఋణత్వరణము తేలును. అది భూమ్యాకర్షణ వలని త్వరణమునకు సుమారు 14 రెట్లు.

ఇప్పుడు 10 కిలోల బరువుగల బిడ్డ తల్లి ఒడిలో ఉన్నది. ఆ బిడ్డను కారుతో పాటు నిలుపుటకు తల్లి తన చేతులతో 140 కిలోల బరువును ఆపినంత బలమును చూపవలెను. అంత బలము ఏ తల్లికిని లేదు. ఉన్నప్పటికిని ప్రయోజనము లేదు. ఏలయన, కన్ను చూచిన దానిని మెదడు గ్రహించి కండరములకు ఆజ్ఞ పంపుటకే సెకనులో ఐదవవంతు పట్టును. ఆ లోపల ప్రమాదము ముగిసిపోవును.

చేతులనుండి జారిన బిడ్డ, కారు నిలిచిపోయినను, తాను మాత్రము గంటకు 50 కిలోమీటర్ల వేగముతోనే ముందుకు పోవును. ఇది న్యూటను మొదటి నియమము. చివరకు ముందున్న గట్టి పలకకో, ముందు సీటు వీపునకో తగిలి ఐదు సెంటీమీటర్లలో ఆగినదనుకొందము. ఆగు దూరము పదునాలుగవవంతైనది కావున ఋణత్వరణము పదునాలుగు రెట్లగును. 10 కిలోల దేహముపై రెండు టన్నుల బరువు పడినట్లగును. ఇదే వేగము 10 మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి పడిన వస్తువు నేలను తాకునప్పుడు కలుగు వేగము. మేడపై పిట్టగోడ వద్ద బిడ్డను వదలుటకు భయపడు తల్లి, కారు ముందుసీటులో ఒడిలో పెట్టుకొనుటకు భయపడదు. ఎత్తు కంటికి కనిపించును. వేగము కనిపింపదు.

ఆపద ఇంతటితో ముగియదు. తల్లి కూడ బెల్టు కట్టుకొననిచో ఆమె శరీరము బిడ్డ వెనుకనుండి అదే వేగముతో వచ్చి, బిడ్డను ముందు పలకకు నొక్కివేయును. ఇద్దరికిని కలిపి ఒకే బెల్టు బిగించినచో బెల్టునకును తల్లి దేహమునకును నడుమ బిడ్డ నలిగిపోవును. ఏ విధముగ చూచినను ఒడి రక్షణస్థానము కాదని లెక్క చెప్పుచున్నది.

పడిపోయిన విమానము, రాకెట్టు బండి

ప్రమాదము దైవాధీనమని, దెబ్బలు తగులుట దురదృష్టమని ప్రజలు చాలకాలము తలచిరి. దెబ్బకు కూడ ఒక యంత్రశాస్త్రము కలదని మొదట వాదించిన వారిలో హ్యూ డిహేవెన్ ముఖ్యుడు. ఈయన 1917లో బ్రిటిషు రాజ వైమానిక దళమున శిక్షణ పొందుచుండగా విమానము కూలిపోయి, తీవ్రముగా గాయపడియు ప్రాణములతో బయటపడెను. ఒకే ప్రమాదములో ఒకరు చనిపోవుటకును, మరియొకరు బ్రతుకుటకును కారణమేమి అను ప్రశ్న అప్పటినుండి ఆయనను వదలలేదు. ఎత్తైన భవనములపైనుండి పడియు బ్రతికిన వారి వృత్తాంతములను ఆయన సేకరించి, 50 మొదలు 150 అడుగుల ఎత్తునుండి పడిన వారిని గూర్చి 1942లో ఒక పరిశోధనవ్యాసమును ప్రకటించెను. వారు పడిన చోట నేల మెత్తగానుండియో, రేకు వంగియో, కొన్ని అంగుళములైనను లోనికి దిగినది. ఆ కొన్ని అంగుళములే వారి ప్రాణములను నిలిపినవి. మనిషి దేహము అనుకొనిన దానికంటె దృఢమైనదనియు, బలము విశాలమైన భాగముపై పరచుకొని, ఆగు దూరము కొంచెము పెరిగినచో అది ఘోరమైన తాకిడిని కూడ ఓర్చుకొనుననియు ఆయన నిరూపించెను. గాజుసామానును పెట్టెలో ఎట్లు జాగ్రత్తగా సర్దుదురో, మనుష్యులను వాహనములో అట్లే సర్దవలెనని ఆయన వాదము.

ఈ వాదమును తన దేహముపైనే పరీక్షించుకొనినవాడు అమెరికా వైమానిక దళపు వైద్యుడు జాన్ పాల్ స్టాప్. 1954 డిసెంబరు 10వ తేదీన న్యూ మెక్సికో రాష్ట్రమున పట్టాలపై పరుగెత్తు రాకెట్టు బండిలో, పట్టీలతో గట్టిగా బిగింపబడి, ఆయన గంటకు 632 మైళ్ల వేగమునందుకొనెను. ఆ బండి 1.4 సెకనులలో నిలిచిపోయెను. ఆ క్షణమున ఆయన దేహముపై భూమ్యాకర్షణకు 46 రెట్లు మించిన బలము పనిచేసెను. కండ్లలో రక్తము చిమ్మి కొంతసేపు చూపు పోయినను ఆయన బ్రతికెను, చూపు తిరిగి వచ్చెను. సరిగా కట్టబడిన దేహము ఎంత తాకిడిని సహింపగలదో ప్రపంచమునకు తెలిసినది. విమానములలో కంటె రహదారులపై మోటారు ప్రమాదములలో ఎక్కువమంది సైనికులు మరణించుచున్నారని గమనించి, స్టాప్ 1955 నుండి మోటారు ప్రమాదములను గూర్చి శాస్త్రజ్ఞుల సదస్సులను నడపించెను.

స్వీడను దేశమున వోల్వో కంపెనీలో చేరిన నిల్స్ బోలిన్ అంతకు ముందు యుద్ధవిమానములనుండి పైలటును బయటకు విసరివేయు సీట్లను రూపొందించిన ఇంజనీరు. అప్పటి కారు బెల్టులు కడుపుపై అడ్డముగా మాత్రమే ఉండెడివి. ప్రమాదములో నడుము ఆగును గాని తల, రొమ్ము ముందుకు వంగి దెబ్బతినును. బోలిన్ 1959లో భుజముమీదుగా ఒక పట్టీని, తుంటిపై ఒక పట్టీని కలిపి, మూడు చోట్ల బిగించి, ఒక్క చేతితో పెట్టుకొనదగిన బెల్టును తయారుచేసెను. దేహములోని దృఢమైన ఎముకలపై, అనగా జత్రువు, ప్రక్కటెముకలు, తుంటి ఎముకలపై బలము పడునట్లు చేయుటయే దానిలోని కీలకము. వోల్వో ఈ నిర్మాణమును ఇతర కంపెనీలు కూడ వాడుకొనుటకు అనుమతించెను. స్వీడనులోని 28,000 ప్రమాదములను పరిశీలించి 1967లో బోలిన్ ప్రకటించిన నివేదికలో, ఈ బెల్టు కట్టుకొనిన వారెవ్వరును గంటకు 60 మైళ్లలోపు వేగమున చనిపోలేదని తేలెను. కట్టుకొననివారు తక్కువ వేగములయందు కూడ మరణించిరి.

ఇదంతయు ఎదిగిన మనుష్యుల కథ. పిల్లలను గూర్చి ఈ పరిశోధనలలో ఎక్కువమంది ఆలోచింపలేదు.

బిడ్డ చిన్నసైజు పెద్దమనిషి కాదు

కారులో పిల్లల సీట్లు 1930ల నాటికే అమెరికాలో అమ్మకమునకు వచ్చినవి. కాని అవి రక్షణకై పుట్టినవి కావు. బిడ్డను కొంత ఎత్తున కూర్చుండబెట్టి కిటికీనుండి బయటికి చూడనిచ్చుటకును, అల్లరిచేయకుండ ఒకచోట నిలుపుటకును తయారైనవి. సన్నని ఇనుపకడ్డీల చట్రమును ముందుసీటు వీపునకు కొక్కెములతో తగిలించెడివారు. కొన్నింటికి ఆటచక్రము కూడ ఉండెడిది. బిడ్డ దానిని త్రిప్పుచు తానే కారు నడుపుచున్నట్లు మురిసిపోయెడిది. తాకిడి తగిలినచో ఆ సీటు కొక్కెములనుండి ఊడి బిడ్డతో సహా ముందుకు ఎగిరిపోవును.

రక్షణయే ఉద్దేశముగాగల సీట్లు 1962 ప్రాంతమున వచ్చినవి. బ్రిటనులో జీన్ ఏమ్స్ అను ఆమె పట్టీలతో బిగించు సీటును, అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున లెనార్డ్ రివ్కిన్ లోహపు చట్రముగల సీటును రూపొందించిరి.

అయితే బిడ్డ దేహనిర్మాణమునుండి బయలుదేరి ఆలోచించినవాడు స్వీడను వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మాన్. పుట్టిన బిడ్డ పొడవులో తల నాలుగవవంతుండును. ఎదిగిన మనిషిలో అది ఏడవవంతో ఎనిమిదవవంతో మాత్రమే. ఆ బరువైన తలను మోయవలసిన మెడ సన్ననిది. మెడ వెన్నుపూసల భాగములు కొన్ని సంవత్సరములు గడచువరకు పూర్తిగా ఎముకగా మారవు. మృదులాస్థితో అతుకబడియుండును. ముందుకు చూచుచు కూర్చుండిన పసిబిడ్డను పట్టీలు పట్టి నిలిపినప్పుడు ఛాతీ ఆగును, తల మాత్రము ముందుకు లాగివేయబడును. ఆ లాగుడును మెడ ఒక్కటే భరింపవలెను. వెన్నుపాము సాగినచో బిడ్డ ప్రాణమునకు ముప్పు, బ్రతికినను పక్షవాతము.

ఆనాడు అమెరికాలో జెమిని అంతరిక్షయానములకు సన్నాహము జరుగుచుండెను. వ్యోమగాములు వారి దేహములకు సరిపోవునట్లు మలచిన ఆసనములలో వెల్లకిల పడుకొనియుండగా రాకెట్టు బలమంతయు వారి వీపుపై సమముగా పరచుకొనును. ఇది ఆల్డ్‌మాన్‌కు దారి చూపినది. బిడ్డను కారు ముందుభాగమునకు వీపు పెట్టి, వెనుకకు చూచునట్లు కూర్చుండబెట్టినచో, ముందునుండి తాకిడి తగిలినప్పుడు తల, మెడ, వీపు మూడును కలసి సీటులోనికి ఒత్తుకొని ఒకేసారి ఆగును. మెడపై లాగుడు ఉండదు. బలమును వైశాల్యముతో భాగించినది పీడనము. వైశాల్యము పెరిగినచో పీడనము తగ్గును. పాఠశాలలో నేర్చు ఈ సూత్రమే ఆల్డ్‌మాన్ సీటునకు ఆధారము. ఆయన రూపొందించిన మొదటి నమూనా 1964లో వోల్వో కారులో పరీక్షింపబడెను. 1972 నాటికి అట్టి సీటు అమ్మకమునకు వచ్చెను. స్వీడనులో పిల్లలను నాలుగేండ్లు వచ్చువరకు వెనుకకు చూచునట్లే కూర్చుండబెట్టు అలవాటు ఏర్పడినది. అమెరికా శిశువైద్యుల సంఘము కనీసము రెండేండ్ల వరకు ఇట్లే చేయవలెనని 2011లో చెప్పి, 2018లో వయోపరిమితిని తొలగించి, ఆ సీటునకు నిర్ణయించిన ఎత్తు, బరువుల హద్దు వచ్చువరకు వీలైనంత కాలము ఇట్లే ఉంచవలెనని సూచించెను.

నాలుగైదేండ్లు దాటిన బిడ్డ సమస్య వేరు. పెద్దవారి బెల్టు తుంటి ఎముకపై నిలుచును. ఆ ఎముక ముందువైపు మొన బాల్యములో బాగుగా ఏర్పడి ఉండదు. అందువలన బెల్టు జారి మెత్తని కడుపుపైకి పోయి, ప్రేవులను, వెన్నును దెబ్బతీయును. పై పట్టీ భుజముపై కాక మెడపై పడును. అది గుచ్చుకొనుట వలన బిడ్డ దానిని చంక క్రిందికి త్రోసివేయును. దీనికి 1970ల చివరిభాగమున స్వీడనులో కనుగొన్న ఉపాయము మిక్కిలి సులభమైనది: బిడ్డ క్రింద ఒక గట్టి పీట వేయుట. బిడ్డ ఎత్తైనచో బెల్టు తుంటిపైకి దిగును, భుజము నడుమకు చేరును. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చువరకు ఈ పీట అవసరమని నేటి నిపుణుల మతము.

ఒక వైద్యుని పోరాటము

సీటు కనిపెట్టినంత మాత్రమున బిడ్డలు అందులో కూర్చుండలేదు. అమెరికాలో పిల్లల సీట్లకు 1971లో మొదటి ప్రభుత్వ ప్రమాణము వచ్చినది. కాని సీటును వాహనముతో ఢీకొట్టించి పరీక్షింపవలెనను నియమము అందులో లేదు. నిజమైన తాకిడి పరీక్ష 1981 నుండి మాత్రమే తప్పనిసరియైనది. సీటు ఉన్నను కొనువారు తక్కువ, కొనినవారిలో సరిగా వాడువారు ఇంకను తక్కువ.

టెనెసీ రాష్ట్రమున రూథర్‌ఫర్డ్ కౌంటీ ఆరోగ్యశాఖను నడిపిన శిశువైద్యుడు రాబర్టు సాండర్స్ ఈ స్థితిని సహింపలేకపోయెను. మశూచికము వంటి వ్యాధులనుండి టీకాతో బిడ్డలను కాపాడుచు, కారు ప్రమాదమునకు వారిని వదలివేయుట ఏమి న్యాయమని ఆయన తలచెను. భార్యతో కలిసి శాసనసభ్యులను ఒక్కొక్కరినే కలిసి నచ్చచెప్పెను. బిడ్డను ఎట్లు కూర్చుండబెట్టవలెనో చెప్పుటకు ప్రభుత్వమెవరని వ్యతిరేకులు ప్రశ్నించిరి. ఎట్టకేలకు 1977లో శాసనము నెగ్గినది. 1978 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. పిల్లల సీటును తప్పనిసరి చేసిన శాసనములలో అమెరికాలో ఇదియే మొదటిది.

కాని శాసనము నెగ్గుటకై ఒక సవరణకు తలయొగ్గవలసి వచ్చెను. పెద్దవారు బిడ్డను ఒడిలో పెట్టుకొనినచో సీటు అక్కరలేదని ఆ సవరణ చెప్పినది. ఎడ్లబండినాటి నమ్మకము శాసనములోనికే ప్రవేశించినది! తల్లిదేహము బిడ్డను నలిపివేయుటకు వీలు కల్పించు ఈ మినహాయింపును సాండర్స్ ఊరకుండనీయలేదు. ఇంకను కొన్నియేండ్లు పోరాడి 1981లో దానిని తొలగింపజేసెను. 1985 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములును ఇట్టి శాసనములను చేసినవి. సీటు కొనలేని పేద తల్లిదండ్రులకు ఆసుపత్రులు, సేవాసంఘములు దానిని అరువుగా ఇచ్చు ఏర్పాటులు కూడ వెలసినవి. శాసనము, పరీక్ష, అందుబాటు, ఈ మూడును కలిసినప్పుడే విజ్ఞానము ఇంటింటికి చేరును.

ఒక మందు తెచ్చిన మరియొక రోగము

ఎయిర్ బ్యాగు అను గాలిసంచి కథ ఈ చరిత్రలో ఒక హెచ్చరిక. తాకిడి తగిలిన వెంటనే ముందుపలకనుండి సంచి వెలువడి, గంటకు 300 కిలోమీటర్ల వేగముతో ఉబ్బి, ప్రయాణికుని తలకు, రొమ్మునకు మెత్తని అడ్డుగా నిలుచును. ఎదిగిన వారి ప్రాణములను ఇది వేలసంఖ్యలో కాపాడినది. కాని 1990లలో అమెరికాలో స్వల్పమైన తాకిడులయందు కూడ ముందుసీటులోని పిల్లలు మరణించుట గమనింపబడినది. వెనుకకు చూచు సీటును ముందుభాగమున పెట్టినచో ఉబ్బుచున్న సంచి నేరుగా ఆ సీటు వీపును, దాని వెనుకనే ఉన్న బిడ్డ తలను కొట్టును. బెల్టు లేక ముందుకు జరిగిన చిన్నపిల్లల విషయములోను అట్లే జరిగినది. ఎదిగిన పురుషుని దేహమును కొలతగా పెట్టుకొని చేసిన సాధనము బిడ్డకు శత్రువైనది. తరువాత సంచుల బలము తగ్గింపబడినది. పదమూడేండ్ల లోపు పిల్లలు వెనుక సీటులోనే కూర్చుండవలెనను సలహా స్థిరపడినది.

పిల్లలు వెనుకకు పోయిరి. అప్పుడు మరియొక ఆపద తల యెత్తినది. వెనుక సీటులో, వెనుకకు తిరిగి నిద్రించు బిడ్డ తండ్రి కంటబడదు. బిడ్డను మరచి కారుకు తాళమువేసి పోవుట వలన కలుగు మరణములు అమెరికాలో 1990ల చివరినుండి పెరిగినవి. గాజు కిటికీలగుండ సూర్యకాంతి లోనికి వచ్చి సీట్లను వేడెక్కించును. ఆ వేడిగాలి బయటికి పోజాలదు. నిలిపియున్న కారులో ఉష్ణోగ్రత ఒక గంటలో సగటున 22 సెంటీగ్రేడు డిగ్రీలు పెరుగుననియు, ఆ పెరుగుదలలో ఎక్కువభాగము మొదటి అరగంటలోనే జరుగుననియు, కిటికీని కొంచెము తెరచియుంచుట వలన ప్రయోజనము లేదనియు 2005లో ప్రకటింపబడిన కాలిఫోర్నియా పరిశోధన తెలిపినది. బిడ్డ దేహము పెద్దవారి దేహముకంటె త్వరగా వేడెక్కును. బయట 40 డిగ్రీల ఎండ కాయు విజయవాడలో, రామగుండములో ఈ లెక్క ఎట్లుండునో ఊహించుట కష్టము కాదు.

సీటును బిగించుటలోను పొరపాట్లు బయటపడినవి. కారు బెల్టుతో కట్టిన సీటు వదులుగానుండి కదలుట సామాన్యమయ్యెను. దీనిని నివారించుటకై కారులోనే ఇనుపకొక్కెములను అమర్చి, సీటు వాటిలో బిగిసిపోవునట్లు చేయు అంతర్జాతీయ ప్రమాణము 1999లో ఏర్పడినది. దీనినే ఐసోఫిక్స్ అందురు. తల్లిదండ్రులను నిందించుటకంటె పొరపాటునకు తావు లేని సాధనమును తయారుచేయుట మేలని ఇంజనీర్లు గ్రహించిరి.

మన దేశములో

భారతదేశమున 2022లో రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ పిల్లలను తొలిసారిగా స్పష్టముగా పేర్కొనినది. 14 ఏండ్లు నిండని బిడ్డను బెల్టుతో గాని, పిల్లల రక్షణసీటుతో గాని కట్టకుండ కారు నడపినవారికి వేయి రూపాయల జరిమానా విధింపబడును. మన దేశమున కుటుంబము తరచుగా ప్రయాణించునది కారులో కాక స్కూటరుపై, మోటారుసైకిలుపై. దీనిని గుర్తించి 2022 ఫిబ్రవరిలో మరియొక నియమము వెలువడినది. తొమ్మిది నెలలు దాటి నాలుగేండ్ల లోపు వయస్సుగల బిడ్డను ద్విచక్ర వాహనముపై తీసికొనిపోవునప్పుడు, నడుపువారి దేహమునకు కట్టు రక్షణ పట్టీ, బిడ్డ తలకు సరిపోవు శిరస్త్రాణము ఉండవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ఈ నియమము ప్రకటితమైన ఒక సంవత్సరము తరువాత అమలులోనికి వచ్చినది.

శాసనము కాగితముమీద ఉన్నది. రహదారిపై కనిపించు దృశ్యము వేరు. పెండ్లికో, తిరునాళ్లకో బయలుదేరిన కారులో ఐదుగురు కూర్చుండవలసిన చోట ఎనిమిదిమంది ఎక్కుదురు. పసిబిడ్డ ముందుసీటులో అమ్మమ్మ ఒడిలో ఉండును. మూడేండ్ల బిడ్డ రెండు సీట్ల నడుమ నిలుచుండి ముందుదారిని చూచును. ఇందులో ప్రేమకు లోటు లేదు. లోటు లెక్కలోనే ఉన్నది. పిల్లల సీటు ఖరీదు చాల కుటుంబములకు భారమే. టెనెసీలో వలె అరువు ఏర్పాటు చేయుట మన ఆసుపత్రులకు, సంఘములకు అసాధ్యము కాదు.

దూరప్రయాణపు జాగ్రత్తలు

పై చరిత్రనుండి కొన్ని సూత్రములు సహజముగా వెలువడును. పిల్లలు వెనుక సీటులోనే ఉండవలెను. పసిబిడ్డ సీటు వెనుకకు తిరిగియుండవలెను. దానిని గాలిసంచి ఎదుట ఎన్నడును పెట్టరాదు. బిడ్డ ఏడ్చినంతనే నడచుచున్న కారులో పట్టీ విప్పి ఒడిలోనికి తీసికొనుట అలవాటు చేయరాదు. కారును సురక్షితమైన చోట నిలిపి, బిడ్డను ఓదార్చి, మరల కట్టి బయలుదేరవలెను. రెండు గంటలకొకసారి ఆగినచో బిడ్డకు విశ్రాంతి, నడుపువానికి తెలివి రెండును కలుగును. తెల్లవారుజామున రెండునుండి ఆరు గంటల వరకు నిద్ర దేహమును బలవంతముగా లోబరచుకొను సమయము. దర్శనమునకు వేళ మించునని రాత్రియంతయు కారు నడుపుట పిల్లల ప్రాణములను ఆ నిద్రకు ఒప్పగించుటయే.

సామానును గూర్చి కూడ ఒక మాట. వెనుక అద్దము క్రిందనున్న పలకపై పెట్టిన ఐదు కిలోల ఆవకాయ జాడీ, మొదట చూచిన తాకిడిలో సీట్లమీదుగా ముందుకు ఎగిరివచ్చును. దానిని ఆపుటకు 70 కిలోల బరువును ఆపునంత బలము కావలెను. బరువైనవన్నియు క్రింద, సామాను పెట్టెలో ఉండవలెను. కారు దిగునప్పుడు, బిడ్డ వెంట లేదని తోచినను, వెనుక తలుపు తెరచి ఒకసారి చూచుట అలవాటు చేసికొనవలెను.

ఈ లెక్కలను తరగతిలో చేయించుట ఉపాధ్యాయునికి సులభము. బల్లపై చిన్న బండిని, దానిపై కట్టని బొమ్మను ఉంచి, బండిని ఒక పుస్తకమునకు తగులనిచ్చినచో బొమ్మ ముందుకు పడును. దారముతో కట్టినచో నిలుచును. న్యూటను నియమమును ఇంతకంటె తేలికగా బోధించు పరికరము లేదు. ఆ సాయంకాలము ఇంటికి పోయిన విద్యార్థి ముందుసీటులో తమ్ముని ఒడిలో పెట్టుకొనిన తల్లికి, "అమ్మా, నీ చేతులు 140 కిలోలు ఆపగలవా?" అని అడిగినచో, తల్లి మొదట నవ్వవచ్చును. తరువాత ఆలోచించును.